పదిహేనేళ్ల కుర్రాడి కాళ్లకు బాండు పేపరా?

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో ‘పదిహేనేళ్లకే ప్రొఫెషనల్’ అని మా ఊరి పరుగు కుర్రాడితో ఒక అకాడమీ ఒప్పందం గురించి నాలుగు కాలమ్‌ల వార్త వేశారు. ఆ రోజే రాయాలని కూర్చున్నాను గానీ కోపంలో మాట తూలుతుందని ఆగాను. అయిదు రోజులైంది, కోపం తగ్గలేదు, అందుకే రాస్తున్నాను.

ఆ కుర్రాడు మా పలాస చుట్టుపక్కల అందరికీ తెలిసినవాడే. నేను రిటైరయ్యే ముందు రెండేళ్లు వాణ్ణి పరిగెత్తించింది నేనే. మా బడి మైదానం చుట్టుకొలత నూట ఎనభై మీటర్లు. నాలుగు వందల మీటర్లు పెట్టాలంటే రెండు చుట్లు తిరిగి, పైన ఇంకో నలభై మీటర్లు పరిగెత్తాలి. సున్నం గీతలు నేనే వేసేవాణ్ణి. వాన పడితే రెండో మలుపు దగ్గర నీళ్లు నిలిచేవి, వీడు ఆ మలుపులో చెప్పులు లేని కాళ్లతో జారకుండా తిరిగేవాడు. స్టాప్‌వాచ్ చూసి నమ్మలేక మళ్లీ పరిగెత్తమన్న రోజులున్నాయి. వాడికి ప్రతిభ ఉందా లేదా అన్న ప్రశ్నే లేదు.

మీ వార్తలో వాడి ఫొటో ఉంది, అకాడమీ పెద్దలు శాలువా కప్పడం ఉంది, ఆస్ట్రేలియా పరుగు కుర్రాడి పేరుతో ‘మన జిల్లా గౌట్ గౌట్’ అన్న బిరుదు కూడా ఉంది. ఆ ఒప్పందంలో ఏముందో మాత్రం ఒక్క ముక్క లేదు. మీ విలేకరి అడగలేదా? అడిగితే చెప్పలేదా?

నేను చదివాను కాబట్టి చెబుతాను. మంగళవారం రాత్రి వాళ్ల నాన్న ఆ కాగితాలు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. జీడిపిక్కలు కొట్టే పని అతనిది. జీడి రసానికి వేళ్లు నల్లబడి ఉంటాయి. కాగితానికి మరక అంటుతుందని అంచులు పట్టుకుని జాగ్రత్తగా నా ముందు పెట్టాడు. వంద రూపాయల స్టాంపు పేపరు, దాని వెనక ఇంగ్లిషులో మూడు పేజీలు. అయిదేళ్ల ఒప్పందం. నెలకు ఎనిమిది వేలు. గెలిచిన నగదు బహుమతుల్లో సగం అకాడమీది. మధ్యలో మానేస్తే అప్పటిదాకా తిండికి, బసకు, బూట్లకు పెట్టిన ఖర్చంతా వడ్డీతో కట్టాలి. దెబ్బ తగిలితే ఎవరు చూస్తారో ఎక్కడా లేదు. చదువు గురించి ‘ఓపెన్ స్కూల్’ అని రెండే మాటలు. ఏ పోటీకి వెళ్లాలో, ఏ మందు వాడాలో నిర్ణయం పూర్తిగా వాళ్లదే.

‘మాస్టారూ, ఏటి రాసున్నాదో నాకు తెల్దు. నెలకి ఎనిమిదేలంటే మా ఇంటికి చిన్న డబ్బులు కావు కదండీ, నానెలా కాదంతాను?’ అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. ఆ మాటే ఈ మూడు రోజులూ నన్ను నిద్రపోనివ్వలేదు.

డబ్బు తీసుకోవడం తప్పని నేను అనను. పరుగుతో బతకాలనుకోవడంలో తప్పేముంది? పారిస్‌లో 2024లో అథ్లెటిక్స్ స్వర్ణ విజేతలకు ప్రపంచ సమాఖ్యే యాభై వేల డాలర్ల చొప్పున ఇచ్చింది. ఒలింపిక్స్‌లో ఒక క్రీడా సమాఖ్య అలా నగదు ఇవ్వడం అదే మొదటిసారి. కాలం మారింది, మారాలి కూడా. నా గొడవ వయసు గురించి, ఆ కాగితం గురించి.

మీరు పేరు ఎత్తిన ఆ ఆస్ట్రేలియా కుర్రాడి సంగతే చూడండి. 2024 డిసెంబరులో పదహారేళ్లకే రెండు వందల మీటర్లు 20.04 సెకన్లలో పరిగెత్తాడు. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో వాళ్ల దేశపు పీటర్ నార్మన్ పెట్టిన 20.06 జాతీయ రికార్డు అన్నేళ్ల తర్వాత పోయింది. అప్పటికే అడిడాస్‌తో ఒప్పందం అయింది, నిజమే. అయినా బడి మానలేదు, చిన్నప్పటినుంచీ నేర్పిన కోచ్‌ను మార్చలేదు. మీ వార్తలో ఈ సగం రాలేదు.

రెండో వైపు కూడా చూడాలి. అమెరికాలో ఎరియన్ నైటన్ అనే పరుగు కుర్రాడు 2021లో పదహారేళ్లకు ప్రొఫెషనల్ అయ్యాడు. అదే ఏడు టోక్యో ఒలింపిక్స్ రెండు వందల మీటర్లలో నాలుగో స్థానం. ఉసేన్ బోల్ట్ జూనియర్ రికార్డులు దాటినవాడు. నిషేధిత ఉత్ప్రేరకం దొరికిందని 2025లో నాలుగేళ్లు నిషేధించారు. మాంసంలో కలిసి వచ్చిందని అతను వాదించినా నెగ్గలేదు. ఒంట్లో దొరికితే బాధ్యత ఆటగాడిదే, ఈ ఆటలో రూలు అంతే. అలాంటి చోట ఒక పిల్లవాడు ఏ మందు మింగాలో ఆ పిల్లవాడికీ తండ్రికీ అడిగే హక్కు లేదని కాగితం మీద రాయించుకుంటున్నారు. ఇది నాకు అన్నిటికంటే ఎక్కువ భయం కలిగించింది.

భయం ఊరికే కాదు. విజయనగరం జిల్లా కొండవెలగాడ అమ్మాయి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో యాభై మూడు కిలోల వెయిట్‌లిఫ్టింగ్‌లో కాంస్యం గెలిస్తే, అది తర్వాత రజతంగా మారింది. ఎందుకు మారింది? స్వర్ణం గెలిచిన నైజీరియా అమ్మాయి డోప్ పరీక్షలో దొరికిపోయింది. ఆ అమ్మాయి వయసు పదహారు. పదహారేళ్ల పిల్ల ఆ మందులు తనంతట తాను కొనుక్కుందంటే నేను నమ్మను. మన దేశంలో పరిస్థితి చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది. 2023 సెప్టెంబరులో ఢిల్లీ రాష్ట్ర పోటీల్లో డోప్ పరీక్షలు చేసే నాడా వాళ్లు వచ్చారని తెలిసి వంద మీటర్ల ఫైనల్‌కు ఒక్కడే మిగిలాడు, స్టేడియం మరుగుదొడ్లలో సిరంజిలు దొరికాయి. మా ఊరి పిల్లలు కూడా ఇప్పుడు పేరు లేని పొడి డబ్బాలు సంచుల్లో పెట్టుకుని తిరుగుతున్నారు. ఏమిటిరా అది అని అడిగితే ‘ప్రోటీన్ సార్’ అంటారు. ఎవరిచ్చారంటే తల దించుకుంటారు.

ఆడపిల్లల సంగతి ఇంకా వేరు. మేరీ కెయిన్ అనే అమెరికా అమ్మాయి పదిహేడేళ్లకే 2013లో ప్రపంచ పోటీల్లో పదిహేను వందల మీటర్ల ఫైనల్ పరిగెత్తి, ప్రొఫెషనల్ అయింది. బరువు తగ్గు, ఇంకా తగ్గు అని కోచ్‌లు వెంటపడ్డారు. మూడేళ్లు నెలసరి రాలేదని, అయిదు ఎముకలు విరిగాయని ఆమే 2019లో బయటపెట్టింది. అది చదివినప్పుడు నాకు మా దగ్గర ఎనిమిది వందల మీటర్లు పరిగెత్తిన ఒక అమ్మాయి గుర్తొచ్చింది. పదో తరగతి అవ్వగానే ఒక ప్రైవేటు అకాడమీ వాళ్లు తీసుకెళ్లారు. ఏడు నెలలకు తిరిగొచ్చింది. మోకాలి కింద, ముందు ఎముక మీద వేలు ఆనిస్తే చాలు, పళ్లు బిగబట్టేది. వరుసగా మూడు రోజులు మూడు పోటీలు పరిగెత్తించారట. ఎక్స్‌రే తీయించింది వాళ్లమ్మ, పుస్తెలు తాకట్టు పెట్టి. ఆ అకాడమీకి నేను రెండు ఉత్తరాలు రాశాను. బదులు లేదు. ఆ అమ్మాయి ఇప్పుడు పరిగెత్తదు.

పక్కనే విశాఖలో జ్యోతి యర్రాజీ ఉంది కదా. నాన్న సెక్యూరిటీ గార్డు. వంద మీటర్ల హర్డిల్స్‌లో ఆమె జాతీయ రికార్డు 2022లో వచ్చేనాటికి వయసు ఇరవై రెండు. అంతకు ముందు రెండుసార్లు రికార్డు టైమింగ్ వచ్చినా లెక్కలోకి రాలేదు. ఒకసారి డోప్ పరీక్ష జరగలేదని, ఇంకోసారి వెనక నుంచి వీచే గాలి వేగం పరిమితి దాటిందని. అయినా ఆగింది, మళ్లీ పరిగెత్తింది. 2023లో బ్యాంకాక్‌లో ఆసియా విజేత అయింది, పారిస్ ఒలింపిక్స్‌కూ వెళ్లింది. పదిహేనేళ్లప్పుడే ఎవరో అయిదేళ్ల బాండు రాయించుకుని ఏడాదికి పాతిక పోటీలు పరిగెత్తించి ఉంటే ఆమె అక్కడిదాకా వెళ్లేదా? పక్క రాష్ట్రం ఒడిశాలో 2006లో నాలుగేళ్ల బుధియా సింగ్‌ను పూరీ నుంచి భువనేశ్వర్ దాకా అరవై అయిదు కిలోమీటర్లు పరిగెత్తిస్తే దేశమంతా చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత ప్రభుత్వమే ఆపించాల్సి వచ్చింది.

ఇంకో మాట కూడా రాయకపోతే అన్యాయం అవుతుంది. ఈ అకాడమీలు మా ఊళ్లకు ఎందుకొస్తున్నాయి? ఇక్కడ ఏమీ లేదు కాబట్టి. సింథటిక్ ట్రాక్ మీద కాలు పెట్టాలంటే మా పిల్లలు జిల్లా దాటాలి. నా పోస్టు నేను దిగిపోయిన నాటి నుంచీ ఖాళీగానే ఉంది. మైదానంలో సగం కొత్త గదులకు పోయింది, మిగిలిన సగంలో సభలు పెడతారు, సభ అయ్యాక గుంజలు పాతిన గోతులు పూడ్చే నాథుడుండడు. ఆ గోతుల్లో చీలమండలు బెణికిన పిల్లల్ని నేనే సైకిల్ మీద ఆస్పత్రికి తీసుకెళ్లాను. ఆటల పీరియడ్ లెక్కల మాస్టారికి ఇచ్చేయడం మామూలైపోయింది. ఆర్మీ సెలక్షన్లలో పూర్తి మార్కులకు పదహారు వందల మీటర్లు అయిదున్నర నిమిషాల్లో పరిగెత్తాలని మా కుర్రాళ్లు తెల్లవారుజామున నాలుగింటికి హైవే అంచున, లారీల పక్కనే పరిగెడుతున్నారు. రోజూ చూస్తూనే ఉన్నాం కదా, ఒక్క అధికారికైనా పట్టిందా? గెలిచి వస్తే ఫొటోకు మాత్రం అందరూ వరుసలో నిలబడతారు.

అధికారులను అడిగేది పెద్దదేమీ కాదు. పద్దెనిమిది నిండని పిల్లలతో ఏ అకాడమీ ఒప్పందం రాయించుకున్నా, ఆ కాగితం జిల్లా క్రీడాధికారి దగ్గర నమోదు కావాలి. తెలుగులో ఉండాలి. చదువు, వైద్యం ఎవరి బాధ్యతో అందులో రాసి ఉండాలి. మైనరు చేసుకున్న ఒప్పందం మన చట్టం ప్రకారం చెల్లదు, అందుకే తండ్రి సంతకం అడుగుతున్నారని నాకు తెలిసిన ఒక ప్లీడరు చెప్పారు. తండ్రికి ఇంగ్లిషు రాదని వాళ్లకూ తెలుసు.

మీ పత్రికకూ ఒక మనవి. శాలువా ఫొటో వేసిన పేజీలోనే ఆ ఒప్పందంలోని షరతులు కూడా తెలుగులో వేయండి. ఆ కాగితం మీద ఇంకా సంతకం కాలేదు. అకాడమీ వాళ్లు ఈ ఆదివారం మళ్లీ వస్తారట, అప్పటిదాకా కవరు మా ఇంట్లోనే ఉంచమని కుర్రాడి తండ్రికి చెప్పాను. పలాసలో గానీ టెక్కలిలో గానీ క్రీడా ఒప్పందాలు తెలిసిన న్యాయవాది ఎవరైనా ఉంటే, శనివారం లోపు మీ కార్యాలయానికి కబురు పెట్టమని కోరుతున్నాను. కాగితాలు తీసుకుని నేనే వస్తాను.

ఇట్లు,
విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు,
పలాస, శ్రీకాకుళం జిల్లా