బ్రౌజర్‌కు మార్కులు వేసేముందు మమ్మల్నీ అడగండి

సంపాదకులకు నమస్కారం.

ఏ బ్రౌజర్ మంచిదో చెబుతూ గత ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని మొదటినుంచి చివరిదాకా విన్నాను. నాకు చూపు లేదు. కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్ చదివి వినిపిస్తుంది. పేజీ ఎంత త్వరగా తెరుచుకుంటుంది, మెమరీ ఎంత పడుతుంది అన్న రెండు లెక్కల మీదే మీరు మార్కులు వేశారు. గోప్యతకు ఒక పేరా ఇచ్చి సరిపెట్టారు. అంధుల గురించి, చూపు మందగించినవారి గురించి ఒక్క మాట కూడా లేదు. అందుకే ఈ ఉత్తరం.

నేను ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో చరిత్ర చెబుతాను. పాఠం కోసం ఏదైనా వెతికేటప్పుడు హెచ్ నొక్కితే తర్వాతి శీర్షికకు, కె నొక్కితే లింకుకు, బి నొక్కితే బటన్‌కు వెళ్తాను. పేజీ పద్ధతిగా కట్టి ఉంటే చూపున్నవారితో సమానంగా పని చేసుకోగలను. ప్రకటనలు కిక్కిరిసిన పేజీలో అది కుదరదు. వాక్యం మధ్యలో చీరల తగ్గింపు ధర వినబడుతుంది. ప్రకటన మారగానే చదువుతున్న చోటు తప్పిపోతుంది. దాన్ని మూసేద్దామంటే ఆ బటన్‌కు పేరు పెట్టి ఉండరు, వట్టి ‘బటన్’ అని మాత్రమే వినిపిస్తుంది.

ఆ ప్రకటనలే మనం ఏం చదివామో, ఏం వెతికామో గుర్తుపెట్టుకుంటాయి. చూపు తగ్గుతున్న రోజుల్లో నా జబ్బు గురించి ఇంట్లో అందరూ వాడే కంప్యూటర్‌లో వెతికాను. ఆ తర్వాత ఎవరు ఏ పేజీ తెరిచినా కంటి మందుల ప్రకటనలే. నేను నోరు విప్పకముందే మా అత్తగారికి సంగతి తెలిసిపోయింది. ఆ మాట ఎప్పుడు, ఎలా చెప్పాలన్నది నేను నిర్ణయించుకోవలసిన విషయం.

కాబట్టి నా వరకు గోప్యత వేరు, అందుబాటు వేరు కాదు. ఫైర్‌ఫాక్స్‌లో ప్రకటనలను ఆపే యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) పెట్టుకుంటే వెంటపడే ట్రాకర్లూ ఆగుతాయి, పేజీ కూడా చెవికి తేటపడుతుంది. క్రోమ్ తన ఎక్స్‌టెన్షన్ల నియమాలను మార్చేసింది కనుక అందులో ఇప్పుడు దాని తేలిక రూపమే దొరుకుతుంది. ఒక సైటులోని మన అడుగులను ఇంకో సైటుకు అందించే థర్డ్ పార్టీ కుకీలను సఫారి 2020లోనే పూర్తిగా ఆపేసింది. ఫైర్‌ఫాక్స్ 2022 నుంచి ఏ సైటు కుకీలను ఆ సైటుకే కట్టడి చేస్తోంది. థర్డ్ పార్టీ కుకీలను క్రోమ్‌లో రెండేళ్లలో తీసేస్తామని గూగుల్ 2020లో చెప్పింది, 2024లో ఆ మాట వెనక్కి తీసుకుంది. మీ వ్యాసంలో ‘ఇన్‌కాగ్నిటో వాడితే చాలు’ అన్నది పాఠకులకు మేలు చేసే సలహా కాదు. అది మన కంప్యూటర్‌లో చరిత్ర మిగలకుండా చూస్తుందే తప్ప, సైటుకు గానీ నెట్ ఇచ్చే కంపెనీకి గానీ మనల్ని కనబడకుండా చేయదు.

ఫైర్‌ఫాక్స్‌కూ లోటు ఉంది. దాన్ని తయారుచేసే మొజిల్లా ఆదాయంలో ఎక్కువ భాగం గూగుల్ సెర్చ్ ఒప్పందం నుంచే వస్తుంది. స్క్రీన్ రీడర్‌తో క్రోమ్, ఎడ్జ్ కూడా చక్కగా పనిచేస్తాయి. ఎడ్జ్‌లోని తెలుగు గొంతులైతే వినడానికి ఎంతో హాయిగా ఉంటాయి. కానీ ఆ సహజమైన గొంతులు ఇంటర్నెట్ మీదుగా వస్తాయి, అంటే చదవాల్సిన పాఠం ముందు సర్వర్‌కు వెళ్లాలి. కథ అయితే ఆ గొంతుతో వింటాను. బ్యాంకు ఉత్తరాన్నీ వైద్య నివేదికనూ మాత్రం ఎన్‌వీడీఏలోని ఈస్పీక్ అనే గొంతుతోనే చదివించుకుంటాను. దాని తెలుగు మరమనిషి పలికినట్టే ఉంటుంది, అయినా ఆ మాట నా కంప్యూటర్ గడప దాటదు.

చూపు బాగా తక్కువ ఉన్న విద్యార్థిని ఒకరు మా కళాశాలలో ఉన్నారు. అక్షరం పెద్దది చేస్తే చాలా తెలుగు సైట్లలో పై వరస ఒత్తులు, కింది వరస గుడులు ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తాయి. ఫైర్‌ఫాక్స్‌లో ఎఫ్9 నొక్కి, అసలు పాఠం మాత్రమే చూపే రీడర్ వ్యూలోకి వెళ్తే వరసల మధ్య ఎడం, అక్షరం సైజు, వెనక రంగు ఆమె కోరినట్టు మారిపోతాయి. ఒకప్పుడు తెలుగు పత్రికల సైట్లు ఎవరి ఫాంటు వారిదిగా ఉండేవి. ఆ ఫాంటు లేనివారికి పిచ్చిగీతలే కనబడేవి. మొజిల్లా బ్రౌజర్లకు ‘పద్మ’ అనే ఎక్స్‌టెన్షన్ తయారై ఆ రాతను అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడిగా ఉండే యూనికోడ్‌లోకి మార్చి పెట్టింది. పత్రికలు మారేదాకా ఆగకుండా పాఠకుల వైపు నుంచే దారి వేసినవారికి నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను. మార్చుకోవడానికి వీలిచ్చే బ్రౌజర్ ఉండబట్టే అది సాధ్యమైంది.

క్రోమ్, ఎడ్జ్, బ్రేవ్, ఒపెరా, వివాల్డి, కేంద్రం పెట్టిన స్వదేశీ బ్రౌజర్ పోటీలో 2025లో మొదటి బహుమతి పొందిన జోహో ‘ఉలా’ అన్నీ క్రోమ్‌కు మూలమైన క్రోమియం అనే ప్రోగ్రామ్ పునాది మీద కట్టినవే. అందువల్ల సైట్లు కట్టేవారు క్రోమ్‌లో పనిచేస్తే చాలనుకుంటున్నారు. ‘క్రోమ్‌లో మాత్రమే తెరవండి’ అని రాసి ఉన్న పరీక్ష ఫీజు పేజీని నేను విన్నాను. ఆ ఒక్క వాక్యంతో నేను ఏర్పరచుకున్న ఏర్పాటంతా పక్కన పెట్టాల్సి వచ్చింది. వికలాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న చెప్పింది. ఇలాంటి పేజీలను మీరు వార్తగా రాయాలి.

మీ సైటుకూ ఒక విన్నపం. యాడ్ బ్లాకర్ తీసేస్తేనే వార్త చూపిస్తామనే తెర తొలగించండి. ప్రకటనలు ఉండనివ్వండి, పత్రిక నడవాలి. అవి కదలకుండా, వార్త మధ్యలోకి రాకుండా, మూసే బటన్‌కు ‘మూసేయి’ అని పేరుతో ఉంటే నేనే బ్లాకర్ ఆపేస్తాను. మళ్లీ బ్రౌజర్ల మీద రాసేటప్పుడు మీ విలేఖరిని హనుమకొండ పంపండి. మానిటర్ ఆపేసి, ఒక్కో బ్రౌజర్‌లో మీ మొదటి పేజీని ఎన్‌వీడీఏతో చదివి చూపిస్తాను.

– చరిత్ర అధ్యాపకురాలు, హనుమకొండ