పట్టి వదిలేసిన బొంత చేప బతకడం లేదు

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం వస్తే చాలు, విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి, భీమిలి నుంచి, పూడిమడక నుంచి రాడ్డు, రీలు పట్టుకుని బోటు మాట్లాడుకుని సముద్రంలోకి వెళ్లేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. నేనూ చాలా ఏళ్లుగా వెళ్తున్నవాణ్నే కాబట్టి వాళ్లను తప్పుపట్టడానికి రాయడం లేదు. రాళ్ల మీద ఉండే బొంత చేపను (ఇంగ్లీషులో గ్రూపర్) గాలానికి పట్టి, ఫొటో తీసుకుని, మళ్లీ నీళ్లలో వదిలేస్తున్నాం కాబట్టి ఏ పాపమూ లేదనుకుంటున్నారు చూడండి, దాని గురించే రాస్తున్నాను. వాళ్లు పెట్టే వీడియో చేపను వదలడంతోనే ఆగిపోతుంది, ఆ తర్వాత ఐదు నిమిషాలు ఏం జరుగుతుందో అందులో ఉండదు.

నాకు అది ఏడేళ్ల కిందట తెలిసింది. యారాడ కొండకు ఎదురుగా, ముప్పై అయిదు మీటర్ల లోతులో సీసం గుండు కట్టి కవళ్ల ముక్క దింపాను. ఈ చేప ఎర అందుకోగానే రాతి సందులోకి దూరాలని చూస్తుంది, దూరిందంటే దారం తెగినట్టే, అందుకని ఆగకుండా లాగాలి. లాగాను. మూడు కిలోలుంటుందేమో, మచ్చల బొంత. కళ్లు బయటికి ఉబికి ఉన్నాయి, నోట్లోంచి గులాబీ రంగు తిత్తి ఒకటి బయటికొచ్చింది. గాలం జాగ్రత్తగా తీసి, తల్లి బిడ్డను దింపినట్టు నీళ్లలోకి దింపాను. అది వెల్లకిలా తేలింది. తోక కొట్టుకుంటోంది గానీ కిందికి పోలేకపోతోంది. బోటు నడిపే పెద్దాయన "ఒగ్గేసినా అది బతకదు బాబూ, ఇలాగియ్యండి, కూరకవుద్ది" అన్నాడు. నేను వినలేదు. కాసేపటికి గద్ద వచ్చింది.

ఇంటికొచ్చాక దీని గురించి చదివాను. బొంతలాంటి చేపల కడుపులో గాలితిత్తి ఉంటుంది, నీళ్లలో తేలకుండా మునగకుండా నిలబడేది దాంతోనే. సముద్రంలో ప్రతి పది మీటర్ల లోతుకూ ఒక వాతావరణ పీడనం చొప్పున ఒత్తిడి పెరుగుతుంది, అంటే ముప్పై మీటర్ల దగ్గర పైన ఉన్నదానికి నాలుగు రెట్లు. అక్కడ గ్లాసెడు ఉన్న గాలి పైకొచ్చేసరికి నాలుగు గ్లాసులంత అవుతుంది. ఈ జాతుల్లో ఆ గాలి నోటి గుండా పోయే దారి లేదు, రక్తం ద్వారా మెల్లగా తగ్గాల్సిందే, కానీ మన రీలు దాన్ని నిమిషంలో పైకి తెచ్చేస్తుంది. అప్పుడు తిత్తి ఉబ్బి లోపలి అవయవాలను నొక్కేస్తుంది. నోట్లోంచి బయటికొచ్చేది గాలితిత్తి అనుకుని కొందరు కత్తి మొనతో పొడుస్తారు. అది చేప కడుపు సంచి. దయచేసి పొడవకండి. వంజరానికి ఈ బాధ లేదు, దానికి గాలితిత్తే ఉండదు. అందుకే పై నీళ్లలో వంజరం పట్టేవాళ్ల అనుభవాన్ని అడుగు చేపకు అన్వయించకూడదు.

దీనికి ఉపాయం ఉందని అమెరికాలో చూశాను. మా అబ్బాయి టెక్సాస్‌లో ఉంటాడు, గాల్వెస్టన్ నుంచి రెడ్ స్నాపర్ అనే అడుగు చేప కోసం బోటులో తీసుకెళ్లాడు. వదిలేయాల్సిన చేప కింది పెదవికి ఒక బరువైన పట్టుకారు తగిలించి తిరిగి అడుగుకు దింపేశారు, అక్కడ తాడు గుంజగానే అది విడిపోయింది. గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో అమెరికా కేంద్ర ప్రభుత్వం కింద ఉండే జలాల్లో రాతి చేపలు పట్టే బోటులో ఇలాంటి సాధనం గానీ, గాలి తీసే సూది గానీ సిద్ధంగా ఉండాలని 2022 జనవరి నుంచి చట్టం అమలు చేశారు. దింపే సాధనమైతే కనీసం 450 గ్రాముల బరువు, 18 మీటర్ల తాడు ఉండాలన్నారు. సూది వాడటం చేయి తిరిగినవాళ్ల పని, మనకు దింపడమే మేలు.

దీనికి డబ్బు ఖర్చేమీ లేదు. కూరగాయల ప్లాస్టిక్ క్రేటు ఒకటి తీసుకుని బోర్లించండి, అంచుకు నాలుగు మూలలా సీసం గుళ్లు కట్టండి, పైకి వచ్చిన అడుగుభాగానికి పొడవైన తాడు కట్టండి. చేప మీద దాన్ని బోర్లించి వదిలితే, పైకి తేలాలని చూసే చేప క్రేటులోనే చిక్కుకుని దాంతోపాటు కిందికి దిగుతుంది. దిగేకొద్దీ గాలి మళ్లీ చిన్నదవుతుంది, చేప తేరుకుని క్రేటు కింద తెరిచి ఉన్న వైపు నుంచి బయటికి ఈదిపోతుంది. రెండేళ్లుగా నేను ఇదే చేస్తున్నాను. పైకి తేలి వచ్చిన చేప నాకు ఒక్కటి కూడా కనబడలేదు. అన్నీ బతికాయని నేను చెప్పలేను, కానీ గద్దకు మాత్రం వేయలేదు. చేపను నీళ్ల బయట ఎంత తక్కువసేపు ఉంచితే అంత మంచిది, ఫొటో ఒక్కటి చాలు.

బొంత చేపల్లో చాలా జాతులు ముందు ఆడవిగా పెరిగి, పెద్దయ్యాక మగవిగా మారతాయి. పెద్దవాటినే ఏరి పట్టుకుంటూ పోతే ఆ రాళ్ల మీద మగ చేపలు మిగలవు. అన్నిటికంటే పెద్దదైన జెయింట్ గ్రూపర్ వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్న చేప, అది గాలానికి పడితే పైకి లాగాలని చూడకండి, దారం కోసేయండి. తినడానికే పట్టేవాళ్లు సరిపడా దొరికాక చోటు మార్చాలి, ఎందుకంటే అదే రాయి మీద ఇంకా గాలాలు దింపుతూ, వచ్చినవన్నీ వదిలేస్తూ ఉంటే ఆ వదిలినవాటిలో కూడా కొన్ని చచ్చేవే.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తీరంలో వేట నిషేధం. ఆ రెండు నెలల్లో బోటు యజమానులు, మత్స్యశాఖ అధికారులు కూర్చుని, సరదాగా చేపలు పట్టేవాళ్లను తీసుకెళ్లే ప్రతి బోటులో ఇలాంటి క్రేటు ఒకటి, తగినంత తాడు ఉండాలని ఒక నియమం పెట్టుకుంటే బాగుంటుంది. మీ పత్రిక విశాఖ పేజీలో దాన్ని ఎలా కట్టాలో బొమ్మతో సహా వేస్తే ఇంకా మేలు. బొమ్మ గీసి పంపడానికి నేను సిద్ధం.

ఇట్లు,
ఒక పాఠకుడు, విశాఖపట్నం