ఏడాది తర్వాత ఒక్క ఫోన్ చేయించండి: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను తెనాలి దగ్గర ఒక ఊళ్లో బట్టలు కుట్టుకుని బతికే మనిషిని. కొన్నేళ్ల కిందట నడుములో పూస జారిందని, నరం నొక్కుకుపోతోందని స్క్రూలు, రాడ్లు వేసి రెండు పూసలను కలిపేశారు. డాక్టర్లు వాటిని ఎల్4, ఎల్5 అంటారు. ఖర్చంతా అప్పట్లో ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్న పథకమే భరించింది. అది లేకపోతే ఉన్న కాస్త బంగారం పోయేది. ఆ మేలు మరిచిపోయి రాస్తున్న ఉత్తరం కాదిది.

ఆపరేషన్‌తో కాలిలోకి పాకే మంట పోయింది. ఏడాది పైన బాగానే తిరిగాను. తర్వాత నడుము నొప్పి మళ్లీ మొదలైంది, ఇప్పటికీ పోలేదు. ఎక్స్‌రేలో స్క్రూలు ఉన్నచోటే ఉన్నాయి, ఎముక అతుక్కుంది. ఎంఆర్‌ఐలో నరం మీద ఒత్తిడేమీ లేదు. "అంతా పర్ఫెక్ట్‌గా ఉందమ్మా, టెన్షన్ పెట్టుకోకండి" అని పంపించేస్తారు. రిపోర్టు బాగుంటే రోగికీ బాగున్నట్టేనన్నమాట.

ఇలాంటి నొప్పికి కారణాలు లేకపోలేదు. కలిపేసిన పూసలు కదలవు కాబట్టి ఆ భారం పైదాని మీదా కిందిదాని మీదా పడి అవి అరగొచ్చు. నరం చుట్టూ మచ్చ కణజాలం పేరుకోవచ్చు. తుంటి దగ్గరి కీలు నొప్పి పెట్టవచ్చు. ఏదీ దొరకని వాళ్లూ ఉంటారు. ఏళ్ల తరబడి నొప్పి పడ్డాక నరాల వ్యవస్థే అతిగా స్పందిస్తుందని, స్కానింగ్‌లో అది కనపడదని, ఆపరేషన్లప్పుడు మత్తు ఇచ్చే ఒక డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పారు. నా మాట నమ్మి మాట్లాడిన మొదటి డాక్టర్ ఆవిడే.

ఎముకల డాక్టర్ నరాల డాక్టర్ దగ్గరికి పంపుతారు, ఆయన ఫిజియోథెరపీకి రాస్తారు, అక్కడ కరెంటు పెట్టి పంపుతారు. ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఫ్రీ అయ్యాక గుంటూరు వెళ్లడానికి టికెట్టు ఖర్చు లేదు, అయితే సీటు కూడా లేదు, నేనేమో అంతసేపు నిలబడలేను. అందుకే నాలాంటి వాళ్లు చివరికి ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర తేలతారు. ఆయన డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ పొడుస్తాడు, రెండు రోజులు హాయిగా ఉంటుంది, మళ్లీ వెళ్తారు. అదే పనిగా వాడితే ఆ మందు కడుపునూ కిడ్నీలనూ దెబ్బతీస్తుంది. ఉద్దానం ఉన్న రాష్ట్రానికి మంత్రిగా కిడ్నీల గురించి మీకు నేను చెప్పేదేముంది?

నా తంటాలేవో నేను పడుతున్నాను. తొక్కే మిషన్‌కు మోటారు పెట్టించాను. కటింగ్ బల్ల ఎత్తు పెంచాను. జాకెట్లు తగ్గించి, పడుకుని కూడా కుట్టగలిగే చీర ఫాల్స్, హెమ్మింగ్ ఎక్కువ పట్టుకుంటున్నాను. అన్నిటికంటే కష్టం ఒళ్లు తేలిగ్గా ఉన్న రోజున ఆగడం. బాగుంది కదా అని పండగ ఆర్డర్లన్నీ ఒక్కరోజే కుడితే తర్వాత మంచం దిగలేను. నరాల నొప్పికిచ్చే ప్రెగాబలిన్ వేసుకుంటే నిద్రపడుతుంది, కానీ పొద్దున టేపు పట్టి కొలిచిన కొలత రాసుకునేలోపు మరిచిపోతాను. రోజూ నడక, ఫిజియో నేర్పిన నాలుగు వ్యాయామాలు మానకపోతే నొప్పి పోదు గానీ అదుపులో ఉంటుంది. ఇవన్నీ నాకు ఒకచోట దొరకలేదు, అక్కడొకటి ఇక్కడొకటి ఏరుకున్నాను. మా అత్తగారు ఇప్పటికీ దిష్టి అంటుంది. ఆవిడతో పేచీ లేదు, ఆవిడ కనీసం నొప్పి లేదనడం లేదు.

ఇది ఒంటరి గోల కాదు మంత్రిగారూ. నడుము ఆపరేషన్ల తర్వాత 10 నుంచి 40 శాతం మందికి నొప్పి మిగులుతుందని వైద్య పత్రికల్లో రాస్తుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లోకి తెచ్చిన జబ్బుల జాబితా ఐసీడీ-11లో దీర్ఘకాలిక నొప్పికి విడిగా కోడ్ ఉంది. ఆపరేషన్ తర్వాత మూడు నెలలు దాటినా పోని నొప్పి కూడా అందులో ఉంది. నొప్పి ఉందని మనిషి చెబితే ఆ మాటను గౌరవించాలని అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో తన నిర్వచనంతో పాటే రాసింది.

నాకు పింఛను వద్దు. 40 శాతం వైకల్యం ఉంటేనే ఇస్తారని తెలుసు. మత్తు మాత్రలూ అడగడం లేదు. ట్రమడాల్ అనే నొప్పి మాత్రను 2018లో ఎన్‌డీపీఎస్ అనే మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చింది ఊరికే కాదు.

నేను అడిగేది వేరే. ప్రతి ప్రభుత్వ బోధనాసుపత్రిలో మత్తు విభాగం ఉంది. వారానికి ఒక పూట అక్కడే నొప్పి ఓపీ పెట్టించండి. మత్తు డాక్టర్, ఫిజియో, మనసు విప్పి మాట్లాడించే కౌన్సిలర్ ఒకే గదిలో కూర్చోవాలి. కొత్త భవనం కట్టక్కర్లేదు. కౌన్సిలర్ అంటే నొప్పి ఉత్తదని కాదు, దానితో బతకడం నేర్పేవాళ్లూ కావాలని.

రెండోది ఇంకా చవక. నన్ను డిశ్చార్జి చేసిన రోజు ఫొటో తీసుకుని, తృప్తిగా ఉన్నానని సంతకం పెట్టించుకున్నారు. కుట్లు కూడా ఆరని మనిషి తృప్తి ఏపాటిది? ఎవరి నడుముకు డబ్బు కట్టారో ఈ పథకం నడిపే ట్రస్టు దగ్గర పేరు, ఫోన్ నంబరుతో సహా ఉంటుంది. ఆపరేషన్ అయిన ఏడాదికి ఒకసారి, మూడేళ్లకు మరోసారి ఫోన్ చేసి అడిగించండి: నొప్పి తగ్గిందా, పని చేసుకోగలుగుతున్నారా, ఏ మందులు మింగుతున్నారు? ఆ జవాబులను ఆసుపత్రుల వారీగా బయట పెట్టండి. రేపు ఇదే ఆపరేషన్‌కు వెళ్లే మనిషికి ఏం ఆశించాలో ముందే తెలుస్తుంది, ఎవరికి అక్కర్లేకుండా కోస్తున్నారో మీకూ తెలుస్తుంది.

ఆ ఫోన్లు మొదలుపెడితే నాకు మధ్యాహ్నం రెండు దాటాక చేయమనండి. పొద్దున పూట నేను మిషన్ దగ్గర ఉంటాను.

ఇట్లు,
తెనాలి ప్రాంతపు ఒక టైలర్