రోల్ మొత్తం స్కాన్ చేయించండి: సాంస్కృతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

మీ శాఖ బీరువాల్లో ఉన్న పాత ఫిల్మ్ నెగెటివ్‌లను డిజిటల్ చేయించాలని నిర్ణయించినందుకు ముందుగా మీకు కృతజ్ఞతలు. నెగెటివ్‌లతో పని చేసే మాలాంటివాళ్లు చాలాకాలంగా కోరుకుంటున్నదే ఇది. అయితే ముఖ్యమైన ఫొటోలను మాత్రమే ఏరి స్కాన్ చేస్తారని తెలిసి బాధేసింది. దయచేసి ఏరొద్దు. రోల్ మొత్తం చేయించండి.

ఏరడం ఒకసారి అయిపోయింది కదండీ. 36 ఫ్రేముల రోల్‌లో ఒకటో రెండో ప్రింట్ వేశారు, మిగతావి కవర్లో పెట్టి మూసేశారు. ప్రింట్ పడ్డవి ఏదో ఒక పత్రికలోనో ఆల్బమ్‌లోనో దొరుకుతాయి. ఎవరి కంటా పడనివి ఆ మిగతా ఫ్రేములే. పెద్దమనిషి రిబ్బన్ కత్తిరిస్తున్న ఫొటో ముఖ్యమని ఆనాటి అధికారి అనుకుని ఉంటారు. ఆ పక్క ఫ్రేములో ఫొటోగ్రాఫర్ వెనక్కి తిరిగి తీసిన జనం ఉంటారు. వాళ్లు ఏం కట్టుకున్నారు, దేని మీద వచ్చారు, వెనక గోడ మీద ఏం రాసి ఉంది, పిల్లలు ఎవరి చంకనెక్కి చూస్తున్నారు... ఈరోజు మనం వెతుక్కునేది వాటినే.

అమెరికాలో జరిగింది చూడండి. 1930ల మాంద్యం కాలంలో అక్కడి ప్రభుత్వం పల్లెల బతుకును ఫొటోలు తీయించింది. ఆ విభాగాన్ని నడిపిన రాయ్ స్ట్రైకర్ మొదట్లో తనకు పనికిరావనుకున్న నెగెటివ్‌లకు కన్నం పొడిపించేవారు. వాకర్ ఎవాన్స్, బెన్ షాన్ లాంటి పేరున్న ఫొటోగ్రాఫర్లు తీసినవాటికీ ఆ గతి తప్పలేదు. అదృష్టం కొద్దీ వాటిని పారేయలేదు. తర్వాత అక్కడి జాతీయ గ్రంథాలయం లాంటి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాటినీ, అసలు ప్రింటే పడనివాటినీ కలిపి స్కాన్ చేసింది. మొహం మీదో పొలం మీదో గుండ్రటి నల్ల మచ్చతో ఆ ఫొటోలు ఇప్పుడు ఎవరైనా చూడొచ్చు. నాకైతే ఆ మచ్చ చూసినప్పుడల్లా కడుపు తరుక్కుపోతుంది.

ఇక ఆలస్యం గురించి. ఎసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్మ్ వేడికీ తేమకూ చెడిపోతూ, వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది. ఆ ఆమ్లమే చెడిపోవడాన్ని ఇంకా వేగం చేస్తుంది. బీరువా తెరవగానే వెనిగర్ వాసన వస్తే అది మొదలైనట్టే. ఫిల్మ్ కుంచించుకుపోయి, బొమ్మ ఉన్న పొర ముడతలు పడి లేచిపోతుంది. అలాంటి రోల్స్‌ను వేరు చేసి ముందు వాటినే స్కాన్ చేయించండి. 1950లకు ముందువైతే నైట్రేట్ ఫిల్మ్ కూడా ఉండొచ్చు. దానికి తేలిగ్గా నిప్పంటుకుంటుంది కాబట్టి తెలిసినవాళ్లతోనే తీయించాలి.

టెండర్‌లో కొన్ని విషయాలు తప్పకుండా రాయించండి. ఫ్రేమ్ నంబర్లు ఉండే అంచులతో సహా స్కాన్ చేయాలి, ఫ్రేముల వరస చెడకూడదు. నెగెటివ్ కవర్ మీది చేతిరాతను కూడా ఫొటో తీయాలి, చాలాసార్లు తేదీ, ఊరు ఉండేది అక్కడే. స్కానర్‌లో ఇన్‌ఫ్రారెడ్ కిరణాలతో దుమ్మును గుర్తించి ఫొటోలోంచి చెరిపేసే సదుపాయాన్ని బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌కు వాడొద్దు. అందులోని వెండి ఆ కిరణాలను అడ్డుకుంటుంది, మెషీన్ బొమ్మనే దుమ్మనుకుని చెరిపేస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, స్కాన్ అయిపోయాక నెగెటివ్‌లను పారేయొద్దు. చల్లటి, పొడి గదిలో దాచండి. రేపు ఇంతకంటే మంచి స్కానర్ వస్తే మళ్లీ కావలసింది అవే.

ఇంకొక్క మనవి. ఆ రోల్స్ తీసిన ఫొటోగ్రాఫర్లలో కొందరైనా ఇంకా ఉండే ఉంటారు, పెద్దవాళ్లయిపోయి ఉంటారు. ఫ్రేములో ఉన్నది ఎవరో, అది ఏ ఊరో చెప్పగలిగింది వాళ్లే. స్కానింగ్ అంతా పూర్తయ్యేదాకా ఆగకుండా, మొదటి విడత ఫొటోలు రాగానే వాళ్లను గౌరవంగా పిలిపించి, పక్కన కూర్చుని చెప్పింది చెప్పినట్టు రాసుకునే మనుషుల్ని పెట్టండి. దానికయ్యే ఖర్చును కూడా ఈ పథకంలోనే చేర్చండి.

ఇట్లు,
ఒక ఫిల్మ్ ఫొటోగ్రాఫర్