నిద్రలేని డ్రైవరుతో రాత్రి సర్వీసు నడపడంపై ఫిర్యాదు

మేనేజరు గారికి,

భోగి ముందురోజు తెల్లారగట్ల మీ హైదరాబాద్–అమలాపురం బస్సులో వచ్చాను. ముప్పై ఏళ్లు బస్సు నడిపి రిటైరైనవాణ్ణి, అలవాటుకొద్దీ ముందు సీటే తీసుకున్నాను.

తణుకు దాటేసరికి నాలుగున్నర. డ్రైవరు స్పీడుబ్రేకర్లు చూసుకోవడం లేదు. ఒకసారి బస్సు మార్జిన్లోకి దిగాక ఉలిక్కిపడి స్టీరింగు తిప్పాడు. కునుకు పట్టినట్టు డ్రైవరుకే తెలియదండీ. అరవై స్పీడులో మూడు సెకన్లు కన్ను మూతపడితే బస్సు 50 మీటర్లు దానంతటదే పోతుంది.

సిద్ధాంతం ఊరి దగ్గర గోదావరి వంతెన దిగగానే మీ ఆఫీసు ఫోను. "ఇంకా రావులపాలెమేనా? లేటైతే ఫైను నీ జీతంలోంచే" అని స్పీకర్లో తిట్లు. ఫోను పెట్టాక అతను వేరే మనిషైపోయాడు. కాలవ గట్టు మలుపులో గడ్డి ట్రాక్టరును ఓవర్‌టేక్ చేశాడు. పక్కన దాళ్వా (రెండో పంట) నీళ్లతో నిండు కాలవ, రెయిలింగు లేదు. కేకేసి ఆపించాను.

టీకొట్టు దగ్గర మొహం కడుక్కుంటూ చెప్పాడు: "పండగ స్పెషల్సు బాబాయ్, వరసగా మూడో రాత్రి. రెండో డ్రైవరు లేడు. నిద్రొస్తోందంటే ట్రిప్పులు పీకేస్తారు."

ఒకరోజు నేనూ కంట్రోలరుతో మాటామాటా అనుకుని బండెక్కాను. కళ్లు రోడ్డు మీదే ఉన్నా చెవుల్లో ఆయన మాటలే. ముక్తేశ్వరం దగ్గర ఓ సైకిలతను చివరిదాకా నాకు కనిపించలేదు. అతనికి దెబ్బ తగల్లేదు గానీ, ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. అవమానం, కంగారు, నిద్రలేమి మూడూ ఒకేసారి స్టీరింగు దగ్గర కూర్చుంటే ఎంత అనుభవముండీ లాభం లేదు.

ఐదు గంటల పనికి అరగంటైనా విశ్రాంతి ఇవ్వాలని 1961లోనే మోటారు రవాణా కార్మికుల చట్టం చెప్పింది. రాత్రి సర్వీసుకు రెండో డ్రైవరును తప్పకుండా పంపండి, అతను పగలు నిజంగా నిద్రపోయాడో లేదో కనుక్కోండి. బండి నడుస్తుండగా డ్రైవరుకు ఫోను చేయొద్దు. లేటు ఫైను తీసేయండి. "ఇవాళ నావల్ల కాదు" అన్నవాడికి ఆ రోజు సెలవివ్వండి, తర్వాత ట్రిప్పులు తగ్గించకండి.

ఆ రాత్రి డ్యూటీ ఎవరిదో మీ చార్టులో ఉంటుంది. ఆ అబ్బాయిని పనిలోంచి తీసేయొద్దు. నా ఫిర్యాదు అతని మీద కాదు, అతన్ని మూడు రాత్రులు నిద్ర లేకుండా తిప్పిన మీ ఆఫీసు మీద. ఏం మార్చారో రాతపూర్వకంగా తెలపండి. నెలలోగా జవాబు రాకపోతే ఇదే ఉత్తరం రవాణా శాఖకు పంపుతాను.

ఇట్లు,
రిటైర్డు బస్సు డ్రైవరు,
అంబాజీపేట