వీసా చెల్లినచోట సిమ్ చెల్లలేదు

సంపాదకులకు నమస్కారం.

వేసవిలో యూరప్‌లోని పిల్లల దగ్గరికి వెళ్లే నాలాంటి పెద్దవాళ్ల కోసం ఈ ఉత్తరం. పోయిన మే నెలలో నేను, మా ఆవిడ జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో ఉండే మా అమ్మాయి దగ్గరికి వెళ్లాం. బయల్దేరే ముందు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక షాపులో యూరప్ సిమ్ కొన్నాను. "మొత్తం యూరప్ పనిచేస్తుంది అంకుల్, టెన్షన్ పడకండి" అన్నాడు కుర్రాడు. అక్కడికెళ్లాక మన హైదరాబాద్ సిమ్ తీసి, పోకుండా బీపీ మాత్రల డబ్బాలో దాచి, దీన్ని వేసుకున్నాను.

ఫ్రైబుర్గ్‌లో రైలెక్కితే గంటలోపే స్విట్జర్లాండ్‌లోని బాసెల్. అమ్మాయి ఆఫీసుకెళ్లిన రోజు మేమిద్దరమే లూసర్న్ చూసొద్దామని బయల్దేరాం. బాసెల్ దాటాక నెట్ పోయింది. రైల్లో సిగ్నల్ ఉండదేమో అనుకున్నా. లూసర్న్‌లో దిగి, స్టేషన్ ఎదుటే ఉన్న సరస్సు గట్టున నిలబడ్డా అంతే. కాఫీ హోటల్లో వైఫై ఉందన్నారు. ఫోన్ నంబరు కొడితే ఓటీపీ పంపుతామంది. ఓటీపీ రావలసిన సిమ్ ఫ్రైబుర్గ్‌లో మాత్రల డబ్బాలో ఉంది!

లెక్కల్లో వచ్చే పై (π) విలువ ఇరవై స్థానాల దాకా చెప్పగలను, అమ్మాయి నంబరు మాత్రం గుర్తులేదు. మా ఆవిడ తన స్తోత్రాల పుస్తకం అట్ట వెనక రాసి పెట్టుకుంది కాబట్టి బతికాం. బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దావిడ ఫోనిచ్చింది. "ఎక్కడున్నారు నాన్నా, రెండు గంటల నుంచి చేస్తున్నా" అని అటువైపు ఏడుపు గొంతు.

ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ని. పదో తరగతి పిల్లలకు సమితులు, వెన్ చిత్రాలు బోర్డు మీద గీసి చూపించాను. ఇది మాత్రం తట్టలేదు. ఒకే వీసాతో యూరప్‌లోని చాలా దేశాలు తిరగనిచ్చే షెంజెన్ వీసా ఒక సమితి, యూరోపియన్ యూనియన్ రోమింగ్ ఇంకో సమితి. ఆ యూనియన్‌లో 2017 జూన్ 15 నుంచి ఒక దేశం సిమ్ మరో దేశంలో వాడినా అదనపు చార్జీ లేదు. ఆ నిబంధనను 2032 దాకా పొడిగించారు. అందులోని 27 దేశాలకు తోడు నార్వే, ఐస్‌లాండ్, లీక్టెన్‌స్టెయిన్‌లకూ అది వర్తిస్తుంది. స్విట్జర్లాండ్‌లో మన షెంజెన్ వీసా చెల్లుతుంది కానీ అది యూనియన్‌లో లేదు. ఐర్లండ్ సరిగ్గా దీనికి తిరగేసి: యూనియన్‌లో ఉంది, షెంజెన్ వీసా చెల్లదు. బ్రిటన్ రెండింట్లోనూ లేదు. కొన్ని కంపెనీలు స్విట్జర్లాండ్, బ్రిటన్‌లను తమంతట తామే ప్యాకులో కలుపుతాయి, కొన్ని కలపవు. నేను కొన్న ప్యాకెట్ వెనక దేశాల పేర్లు ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్నాయి. భూతద్దం పెట్టి వెతికితే స్విట్జర్లాండ్ లేదు.

మా అమ్మాయి చేతిలో తిట్లు తిని నేర్చుకున్నది చెబుతాను. మన సిమ్ తీయకూడదు. బయల్దేరే ముందు దానికి ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించి, ఫోన్లో డేటా రోమింగ్ మాత్రం ఆపేస్తే బ్యాంకు ఓటీపీలు వస్తాయి. దానికి వచ్చే కాల్ ఎత్తితే మాత్రం బిల్లు పడుతుంది, బంధువులకు ముందే చెప్పాలి. రెండో సిమ్‌గా ఈసిమ్, అంటే కార్డు లేకుండా ఫోన్లోనే ఎక్కించుకునే సిమ్, వేసుకోవచ్చు. ఫోన్ దానికి పనికొస్తుందో లేదో ఇక్కడే చూసుకోవాలి, ఎందుకంటే పాత ఫోన్లు చాలావాటికి ఆ సౌకర్యం లేదు. డేటా మాత్రమే ఇచ్చే ఈసిమ్‌కు ఫోన్ నంబరు ఉండదు, అయినా వాట్సాప్ పాత నంబరు మీదే నడుస్తుంది. నాలుగైదు రోజుల ప్రయాణానికైతే ఇవేవీ వద్దు, మన కంపెనీ రోమింగ్ ప్యాకే హాయి. దానికీ దేశాల పట్టిక చూడాల్సిందే.

సిమ్‌లు అమ్మే షాపులు, టూర్లు నడిపేవాళ్లు ఆ పట్టికను తెలుగులో, కళ్లజోడు లేకుండా చదవగలిగే అక్షరాల్లో గోడకు అంటించాలి. స్విట్జర్లాండ్, బ్రిటన్ పేర్ల ఎదురుగా ఉంది, లేదు అని రాస్తే చాలు. వేసవి సెలవుల ముందు మీ పత్రిక కూడా అలాంటి పట్టిక ఒకటి వేయాలని కోరుతున్నాను.

– విశ్రాంత లెక్కల మాస్టారు, వనస్థలిపురం, హైదరాబాద్