మీ మోకాళ్లు ఈ ఒక్క కొండ కోసం దాచండి

ప్రచువాప్ ఖిరీ ఖాన్,
థాయ్‌లాండ్

పూజ్యులైన నాన్నగారికి, అమ్మకు నమస్కారాలు.

నేను క్షేమం. జనవరిలో మీ ప్రయాణం ఖాయమైనప్పటి నుంచి బడి నుంచి ఇంటికి రాగానే నాకు ఒకటే పని. ఏ రోజు మిమ్మల్ని ఎక్కడికి తీసుకెళ్లాలో రాసుకోవడం, కొట్టేయడం, మళ్లీ రాసుకోవడం. ఫోనులో చెబుదామంటే అమ్మ మధ్యలో వంట సంగతి అడుగుతుంది, మీరు లైను సరిగా లేదంటారు. ఉత్తరమైతే అట్లాసు ముందు పెట్టుకుని నింపాదిగా చదువుతారని తెలుసు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

తమ్ముడు చెబుతున్న పట్టాయా, ఫుకెట్ ప్యాకేజీకి దయచేసి ఒప్పుకోకండి. వాడిది మంచి ఉద్దేశమే. కానీ మీరు ఇంత దూరం వచ్చి బస్సు కిటికీలోంచి ఊళ్లు లెక్కపెట్టుకోవడం నాకు ఇష్టం లేదు. నేనుండే ఊరు చిన్నది. సాయంత్రం ఎనిమిది దాటితే సముద్రం ఒడ్డున నడిచేవాళ్లు, గాలాలు వేసేవాళ్లు తప్ప ఎవరూ కనిపించరు. అయినా ఈ ఊరి చుట్టూ ఉన్న కొండల మీది నుంచి కనిపించేది ఈ దేశంలో ఇంకెక్కడా నాకు కనిపించలేదు.

అట్లాసులో చూడండి. థాయ్‌లాండ్ నడుము సన్నబడి సన్నబడి, ఒకచోట దాదాపు తెగిపోతుందేమో అనిపిస్తుంది. ఆ చోటు మా ఊరికి దగ్గరే. సముద్రం ఒడ్డు నుంచి మయన్మార్ సరిహద్దు దాకా సుమారు 12 కిలోమీటర్లు, అంతే. తూర్పున థాయ్‌లాండ్ సింధుశాఖ, పడమట తనింతాయి కొండల వరుస. ఆ కొండలు దాటితే మయన్మార్ తోక, అది దాటితే అండమాన్ సముద్రం, ఆ పైన మన బంగాళాఖాతం, ఆ ఒడ్డున బాపట్ల. గుంటూరుకు నేరుగా గీత గీస్తే అది మా ఇంటి పడమటి కిటికీలోంచే వెళ్తుంది. బెంగగా ఉన్నప్పుడు నేను అటే చూస్తాను.

ఇక అసలు విషయం. మీరు ఫోనులో అడిగింది మోకాళ్ల గురించి. "అన్నీ కొండలే అంటున్నావు, నేనెక్కడ ఎక్కుతానమ్మా" అన్నారు. అన్నీ ఎక్కనక్కరలేదు నాన్నగారూ. ఒక్కటి ఎక్కండి. మిగతావన్నీ కారులో, పడవలో చూపించే పూచీ నాది.

ఆ ఒక్కటి ఖావో చాంగ్ క్రచోక్. ఖావో అంటే ఇక్కడి భాషలో కొండ. ఊరికి ఉత్తరపు కొసన, సముద్రానికి ఆనుకుని నిలబడిన సున్నపురాతి కొండ. కొండకు ఒక పక్క పెద్ద రంధ్రం ఉంది. అందులోంచి ఆకాశం కనబడుతూ, దూరం నుంచి చూస్తే కొండకు అద్దం బిగించారా అనిపిస్తుంది. పైన బుద్ధుడి ధాతువులు, అంటే అస్థికలు, ఉన్న చిన్న గుడి ఉంది. కింది నుంచి పైకి 396 మెట్లు, పక్కన పట్టుకోవడానికి కమ్మీ. ఉదయం ఆరు గంటలకు మొదలుపెడదాం. అలసట వచ్చినచోటల్లా కూర్చుందాం. మనల్ని తొందరపెట్టేవాళ్లెవరూ ఉండరు. మీ డాక్టరు గారిని ముందుగా ఒకమాట అడగండి, కాదంటే బలవంతం చేయను. కానీ ఆయన సరేనంటే మాత్రం ఇప్పటి నుంచే రోజూ కాస్త నడవడం మొదలుపెట్టండి.

మెట్ల మొదటి నుంచి చివరిదాకా కోతులుంటాయి. కళ్లజోడు తాడుతో మెడకు కట్టుకోండి. అమ్మ చేతిలో ప్లాస్టిక్ సంచీ ఉండకూడదు. అందులో ఏమీ లేకపోయినా ఏదో ఉందనే అనుకుంటాయి.

పైకి వెళ్లాక ముందు తూర్పు చూడకండి, సూర్యుడు అక్కడే ఉంటాడు, ఎక్కడికీ పోడు. ఉత్తరం నుంచి మొదలుపెట్టండి. అటు ఆవ్ నోయ్ తీరం (ఆవ్ అంటే సముద్రపు వంపు), చేపల పడవలు. మీ కాళ్ల కింద ప్రచువాప్ తీరం, ఊరంతా దాని వెంబడే వంగి ఉంటుంది. పెంకుటిళ్లు, జెట్టీ, రైలు కట్ట, నేను పనిచేసే బడి పైకప్పు కూడా చూపిస్తాను. సముద్రంలో చిన్న చిన్న దీవులు. దక్షిణాన మూడో వంపు ఆవ్ మనావ్, దాని పక్కన వైమానిక దళం వాళ్ల రన్‌వే. పడమట తిరిగితే ఆ సరిహద్దు కొండలు ఒకదాని వెనుక ఒకటి, నీలంగా. ఒక దేశం అడ్డుకొలత మొత్తం అలా ఒక్కచోట నిలబడి చూడటం నాకు ఎప్పటికీ పాతబడదు.

మిమ్మల్ని ఈ కొండే ఎక్కమనడానికి ఇంకో కారణం ఉంది. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణం గురించి మాకు తొమ్మిదో తరగతిలో పాఠం చెప్పింది మీరే. ఫ్రాన్సు నుంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ మన గుంటూరు వచ్చి, వర్ణపటదర్శినితో సూర్యుడి అంచున ఎగసే జ్వాలలను చూశాడనీ, ఆ గ్రహణంలో కనిపించిన పసుపు గీతతోనే హీలియం కథ మొదలైందనీ బోర్డు మీద గీసి చెప్పారు. ఆ రోజు చంద్రుడి నీడ గుంటూరు, మచిలీపట్నం దాటి బంగాళాఖాతం మీదుగా ఎక్కడికి వెళ్లిందో తెలుసా? ఇక్కడికే. మా ఊరికి దక్షిణాన పన్నెండు కిలోమీటర్ల దూరంలో వా కో అనే సముద్రతీర గ్రామం ఉంది. సయాం (థాయ్‌లాండ్ పాత పేరు) రాజు మోంగ్‌కుత్ గ్రహణం ఎక్కడ, ఎప్పుడు పడుతుందో తానే లెక్కగట్టి, పరివారంతో, విదేశీ అతిథులతో అక్కడికి వచ్చి చూశాడు. సింగపూర్ నుంచి బ్రిటిష్ గవర్నరు వచ్చాడు, ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్తలు వచ్చారు. గుంటూరులో ఉదయం పూట పడిన చీకటి ఇక్కడికి మధ్యాహ్నం కావస్తుండగా చేరింది. ఆరు నిమిషాలకు పైగా సూర్యుడు పూర్తిగా కనబడలేదు.

రాజు లెక్క నిలిచింది. కానీ ఆ చిత్తడి నేలలో ఆయనకు మలేరియా సోకింది. అక్టోబరు 1న చనిపోయాడు. వెంట వచ్చిన కొడుకు చులాలోంగ్‌కోర్న్‌కూ జ్వరం వచ్చింది, కానీ బతికాడు. పదిహేనేళ్లకే రాజయ్యాడు. ఇప్పటికీ ఈ దేశంలో ఆగస్టు 18 జాతీయ విజ్ఞాన దినం. ఆ రోజు మా పిల్లలకు నేను గుంటూరు గురించి చెబుతాను. మా నాన్నగారి ఊరు అంటాను.

వా కోలో ఇప్పుడు విజ్ఞాన ఉద్యానం, అక్వేరియం, రాజు విగ్రహం ఉన్నాయి. అక్కడికి కారులో వెళ్దాం. కానీ ఆ నీడ వచ్చిన దారి తెలియాలంటే మాత్రం చాంగ్ క్రచోక్ మీద నిలబడి పడమటి నుంచి తూర్పుకు ఒకసారి తల తిప్పాలి. ఆ సమయానికి మీరు పక్కన ఉండాలని నా కోరిక.

ఆవ్ మనావ్ సాయంత్రానికి. అది వైమానిక స్థావరం లోపల ఉంది, అయినా జనాన్ని రానిస్తారు. రన్‌వే అడ్డంగా దాటుకుని వెళ్లాలి, తమ్ముడికి ఇది తప్పక చెప్పండి. 1941 డిసెంబరు 8 తెల్లవారుజామున జపాన్ సేనలు దిగింది ఈ తీరంలోనే. ఇక్కడి సైనికులు మర్నాడు కాల్పులు ఆపమన్న ఆదేశం అందేదాకా పోరాడారు. స్మారకం ఉంది. ఇప్పుడు అక్కడ అలల్లేని నీళ్లలో పిల్లలు ఆడుకుంటుంటారు. తీరం చివర ఖావో లోమ్ మువక్ అనే నిట్టనిలువు కొండ. దాన్ని తాళ్లు పట్టుకుని ఎక్కాలి, అదీ కొన్ని ప్రత్యేక రోజుల్లోనే అనుమతిస్తారు. మనకు దాని మొదలు చాలు. అక్కడి చెట్ల మీద కొండముచ్చులుంటాయి. కళ్ల చుట్టూ తెల్లని వలయాలు, వాటి పిల్లలు మాత్రం నారింజ రంగులో పుడతాయి. చాంగ్ క్రచోక్ కోతుల్లా మీద పడవు. అమ్మ భయపడక్కరలేదు.

ఈ కొండలన్నిటికీ కలిపి ఒక కథ చెబుతారు. తా మోంగ్ లాయ్ అనే ఆయన కూతుర్ని ఒకరికిస్తానని మాటిచ్చాడట, భార్య ఇంకొకరికిచ్చింది. పెళ్లిరోజు ఇద్దరు వరులూ వచ్చారు. తండ్రి కోపంలో దొరికినదల్లా విసిరాడు. అద్దం చాంగ్ క్రచోక్ అయింది, టోపీ లోమ్ మువక్ అయింది, తినే పుల్లలు ఉత్తరాన హువా హిన్ అనే ఊరి దగ్గరి తకియాబ్ కొండ అయ్యాయి. చివరికి కూతుర్నే రెండుగా చీల్చి చెరొకరికి ఇచ్చాడట. పిల్లలు ఈ కథను కొండలు వేలితో చూపిస్తూ హుషారుగా చెబుతారు. నాకు మాత్రం ఆ పిల్లను ఎవరూ ఒక్కమాటైనా అడగలేదే అనిపిస్తుంది. అమ్మా, ఇది విన్నాక నువ్వేమంటావో తెలుసుకోవాలనుంది.

ఒక రోజు పూర్తిగా ఖావో సామ్ రోయ్ యోత్‌కు ఉంచాను. ఉత్తరాన హువా హిన్ దారిలో, సముద్రపు ఒడ్డున లేచిన సున్నపురాతి కొండల గుంపు. 1966 నుంచి జాతీయ ఉద్యానం. అక్కడ అందరూ చెప్పే వ్యూపాయింట్ ఖావో డేంగ్. పైనుంచి ఒక పక్క సముద్రం, ఇంకో పక్క కాలువ, రొయ్యల చెరువులు, వాటి మధ్య నిలువుగా లేచిన శిఖరాలు. కానీ దారి పొడవునా రాళ్లు కత్తిపీటల్లా ఉంటాయి, మీరు అటు చూడనే వద్దు. దానికి బదులు సాయంత్రం ఖావో డేంగ్ కాలువలో పడవ ఎక్కుదాం. అవే శిఖరాలు కింది నుంచి చూస్తాం. ఎండ వాలాక రాయి ఎర్రబడుతుంది, నీళ్లలో కొంగలు నిలబడి ఉంటాయి. నిజం చెప్పాలంటే నాకు పైనుంచి చూసినదానికంటే ఇదే ఎక్కువ ఇష్టం. కొండలకు పడమటి పక్క మంచినీటి చిత్తడి ఉంది, మన కొల్లేరులా ఇది కూడా ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. నీళ్ల మీదుగా చెక్క బాట వేశారు. అక్కడ మీరు ఎంతసేపైనా నడవవచ్చు.

అదే చోట ఫ్రయా నఖోన్ గుహ. అమ్మా, ఇది నీకూ నాకూ. ఏటా శివరాత్రికి కోటప్పకొండ మెట్లెక్కిన దానివి, నీకిదొక లెక్క కాదు. పడవలో లేమ్ సాలా తీరానికి వెళ్లి, అక్కడి నుంచి 430 మీటర్ల రాతిబాట ఎక్కాలి. గుహ పైకప్పు ఎప్పుడో కూలిపోయింది. లోపలే చెట్లు మొలిచాయి. మధ్యలో నాలుగు ముఖాల చిన్న మండపం. 1890లో చులాలోంగ్‌కోర్న్ రాజు రాక కోసం కట్టింది. వా కోలో జ్వరం నుంచి బయటపడ్డ ఆ అబ్బాయే, నాన్నగారూ. ఉదయం పదిన్నర దాటాక పైనుంచి ఎండ సరిగ్గా మండపం మీద పడుతుంది, కాబట్టి ఆలస్యం చేయకూడదు. మేము వచ్చేదాకా మీరు తీరంలో సరుగుడు చెట్ల కింద కూర్చోండి. అక్కడ టీ దొరుకుతుంది.

హువా హిన్‌లో ఒక పూట చాలు. హిన్ లెక్ ఫై కొండ మీదికి కారు వెళ్తుంది, పైన చూసేందుకు చాలా అరుగులు కట్టారు. ఊరంతా కనిపిస్తుంది, కానీ కనిపించేదాంట్లో సగం ఎత్తైన భవనాలే. తకియాబ్ కొండ దగ్గర సముద్రానికి ఎదురుగా నిలబడిన బంగారు రంగు బుద్ధుడు అమ్మకు నచ్చుతాడు. దక్షిణాన బాన్ క్రుత్ దగ్గర ఇంకో కొండ గుడి ఉంది, తొమ్మిది గోపురాల గుడి, దాని గుమ్మం దాకా కారు పోతుంది. తీరం మైళ్ల దూరం తెల్లగా, ఖాళీగా కనిపిస్తుంది. ఓపిక ఉంటే వెళ్దాం, లేకపోతే ఇంటి దగ్గరే జెట్టీ చివరికి నడిచి వద్దాం. అక్కడి నుంచి మనం ఎక్కిన కొండ మొత్తం కనిపిస్తుంది.

సామాను విషయం. జనవరిలో వాన ఉండదు, కానీ ఉదయం గాలి చల్లగా ఉంటుంది, పలచని శాలువా తెచ్చుకోండి. చెప్పులు వద్దు, రబ్బరు అడుగున్న బూట్లు కావాలి, ఇద్దరికీ. కొత్తవి కొంటే ఇప్పుడే కొని తొడుక్కుని అలవాటు చేసుకోండి. మీ పాత బైనాక్యులర్స్ తప్పక తీసుకురండి. గుళ్లోకి వెళ్లేటప్పుడు భుజాలు, మోకాళ్లు కప్పి ఉంటే చాలు, చీరతో అమ్మకు ఏ ఇబ్బందీ లేదు. బ్యాంకాక్‌లో నేనే విమానాశ్రయానికి వస్తాను. అక్కడి నుంచి రైలు. పగటి రైలుకే టికెట్లు కొంటాను, మీకు ఎడమవైపు కిటికీ. సామ్ రోయ్ యోత్ కొండలు అటువైపే వస్తాయి, నిద్రపోకండి.

డాక్టరు గారు ఏమన్నారో వెంటనే రాయండి.

ఇట్లు,
మీ అమ్మాయి